ఫ్రీడ్రిష్ ష్లేగెల్ జీవితము – రొమాన్సు శబ్ద విచారము

కొన్ని సంవత్సరముల క్రిందట విద్వాన్ తరగతిలో దండి కావ్యాదర్శమును పాఠము చెప్పుచు, కథకును ఆఖ్యాయికకును గల భేదమును వివరించుచుండగా ఒక విద్యార్థి లేచి, రొమాన్సు అనునది కథయా, ప్రేమయా, లేక ఒక భాషాకుటుంబమా అని యడిగెను. ఆంగ్ల సాహిత్య చరిత్రలో ఆతడు ఆ మాటను మూడు చోట్ల మూడర్థములతో చూచియుండెను. చలనచిత్రముల వలన ఆ శబ్దము మన పల్లెలలో సైతము వినబడుచున్నది గాని, అచ్చట దానికి నాయికానాయకుల శృంగారమను ఒక్క యర్థమే మిగిలినది. ఆనాడు నేను ఆ విద్యార్థికి తృప్తి కలుగునట్లు సమాధానము చెప్పలేకపోతిని. పిమ్మట విచారింపగా, ఆ మూడర్థములును ఒక్క మూలము నుండియే పుట్టినవనియు, ఆ శబ్దమునకు సాహిత్యశాస్త్రమున గౌరవస్థానమును కల్పించిన జర్మను పండితుడే ఐరోపా ఖండమున సంస్కృతాధ్యయనమునకు ద్వారము తెఱచినవారిలో నొకడనియు తెలియవచ్చినది. ఆతడు ఫ్రీడ్రిష్ ష్లేగెల్. ఆతని జీవితమును, ఆ శబ్దము నడచిన త్రోవను జోడించి ఈ వ్యాసమున సంగ్రహముగా నిరూపించుచున్నాను.

శబ్దవ్యుత్పత్తి

రోము నగరమునకు సంబంధించినది అను నర్థమున లాటిను భాషయందు రోమానుస్ అను విశేషణము కలదు. రోమనుల రీతిగా అను నర్థమునిచ్చు రోమానికే అను క్రియావిశేషణము దాని నుండి యేర్పడెను. ఆ రూపమే ప్రాచీన ఫ్రెంచి భాషలో రొమాంత్స్ అని మాఱెను. రోమను సామ్రాజ్యము శిథిలమైన పిమ్మట పండితులును మతాచార్యులును వ్రాయు లాటిను ఒకటియు, జనులు ఇంటను వీధిని పలుకు లాటిను వేఱొకటియు నయ్యెను. ఈ రెంటికిని దూరము ఎంతగా పెరిగెననగా, క్రీ.శ. 813లో తూర్ పట్టణమున సమావేశమైన క్రైస్తవ మతాచార్యుల సభ, ధర్మప్రసంగములను జనులకు తెలియునట్లు గ్రామ్యమైన రోమను భాషలోనికి గాని, జర్మను భాషలోనికి గాని మార్చి చెప్పవలెనని నిర్ణయింపవలసి వచ్చెను. 842లో స్ట్రాస్‌బూర్ నగరమున షార్లెమాను చక్రవర్తి మనుమలిద్దఱు చేసికొన్న ప్రమాణములు ఆ జనభాషలోను వ్రాయబడి నేటికిని నిలిచియున్నవి. ఫ్రెంచి భాషకు మొదటి లిఖితములుగా వానినే పండితులు పరిగణింతురు. ఇటాలియను, స్పానిషు, పోర్చుగీసు, కాటలాను, ప్రొవెన్సాలు, రుమేనియను మొదలగు భాషలన్నియు ఇట్లే పుట్టినవి. వీనికన్నింటికిని కలిపి రొమాన్సు భాషలని పేరు. కావున ఆ శబ్దమునకు మొదటి యర్థము భాషయే.

పండ్రెండవ శతాబ్దమున రాజాస్థానములలో లాటిను రాని శ్రోతల కొఱకు లాటిను గ్రంథములను జనభాషలోనికి మార్చిరి. ఆ పనిని రొమాన్సులో పెట్టుట అని వ్యవహరించిరి. మనవారు తెనిగించుట యన్నట్టిదే అది. వేస్ అను కవి బ్రిటను రాజుల లాటిను చరిత్రను 1155లో ఇట్లు పద్యరూపమున మార్చెను. తీబ్స్ నగర కథయు, ఈనియాసు కథయు, ట్రాయి యుద్ధకథయు ఆ కాలముననే ఆ భాషలోనికి వచ్చినవి. క్రమముగా భాష పేరు ఆ భాషలోని గ్రంథమునకు పేరయ్యెను. క్రెతియాఁ ద త్రువా మొదలగు కవులు ఆర్థరు రాజు సభయందలి వీరుల సాహసములను, వారి ప్రేమలను వర్ణించిన పిమ్మట, గ్రంథము పేరు అందలి వస్తువునకు పేరయ్యెను. ఆలంకారికుల పరిభాషలో చెప్పవలెనన్న, ప్రతి మెట్టునను లక్షణావృత్తియే పనిచేసినది. భాష నుండి ఆ భాషలోని గ్రంథమునకును, గ్రంథము నుండి అందలి వస్తువునకును అర్థము సంక్రమించినది. ఆ వస్తువులో అద్భుతము, శౌర్యము, ప్రేమ అను మూడును ఉండగా తుదకు ప్రేమ యొక్కటి మాత్రము లోకవ్యవహారమున నిలిచినది.

ఫ్రెంచి వారు ఆ శబ్దము చివరనున్న సకారమును విభక్తి ప్రత్యయముగా భ్రమించి విడిచిపెట్టుట వలన రోమాఁ అను రూపము వచ్చి, నేడు నవలకు పేరైనది. జర్మనులును నవలను రోమాన్ అనియే యందురు. స్పెయిను దేశమున రొమాన్సె యనగా పాడుకొను వీరగాథ. ఇంగ్లండులో పదునేడవ శతాబ్ది మధ్యభాగమున దాని నుండి రొమాంటిక్ అను విశేషణము పుట్టి, తొలుత నమ్మరాని కట్టుకథల వంటిదను నిందార్థమునను, పిమ్మట కొండలును శిథిలదుర్గములును గల చూడముచ్చటైన ప్రదేశమను నర్థమునను ప్రయోగింపబడెను.

మన వాఙ్మయమున దీనికి దగ్గఱగా నున్నది గుణాఢ్యుని బృహత్కథ. అద్భుతార్థములతో నిండిన ఆ కథ సంస్కృతమున గాక భూతభాషయందు రచింపబడెనని దండి చెప్పియున్నాడు. కథాఖ్యాయికలకు లాక్షణికులు కల్పించిన భేదములు పేర్లకు సంబంధించినవే గాని జాతికి సంబంధించినవి కావని కూడ ఆతడు నిర్ణయించెను. శిష్టభాషకు వెలుపల, జనుల పలుకుబడిలో కథ స్వేచ్ఛగా పెరుగుట ఒక్క దేశమునకు చెందిన విషయము కాదు.

జననము, విద్యాభ్యాసము

ఫ్రీడ్రిష్ ష్లేగెల్ 1772 మార్చి 10వ తేదీన హానోవరు నగరమున జన్మించెను. తండ్రి యోహాన్ అడోల్ఫ్ లూథరు మతశాఖకు చెందిన ఆచార్యుడు, కవి. పెదతండ్రులలో నాటకకర్త యుండెను. 1767లో జన్మించిన అన్న ఔగుస్ట్ విల్‌హెల్మ్ ఈతనికి గురువును, సఖుడును, కొంతకాలము పోషకుడును అయ్యెను. వీరి అగ్రజులలో కార్ల్ ఔగుస్ట్ అనువాడు హానోవరు సైనికదళముతో ఈస్టిండియా కంపెనీ కొలువునకు దక్షిణ భారతమునకు వచ్చి, 1789లో చెన్నపట్టణమున మరణించెను. ఆ యింటివారికి భారతదేశము తమ బిడ్డ యొకడు మరణించిన నేలయు నయ్యెను.

ఫ్రీడ్రిష్‌ను తండ్రి మొదట లైప్జిగ్ నగరమున ఒక వడ్డీవ్యాపారి కొట్టులో పని నేర్చుకొనుటకు పెట్టెను. ఆ పని ఆతనికి పట్టుబడలేదు. 1790లో గ్యోటింగెన్‌లోను, తరువాత లైప్జిగ్‌లోను న్యాయశాస్త్రము చదువ మొదలిడెను గాని, ఆతని మనస్సు గ్రీకు భాష మీదను, కావ్యముల మీదను నిలిచెను. 1792లో నోవాలిస్ అను పేరుతో పిమ్మట ప్రసిద్ధుడైన యువకవితో మైత్రి కలిగెను. 1794లో డ్రెస్డెన్ చేరి, న్యాయశాస్త్రమును పూర్తిగా విడిచి గ్రీకు వాఙ్మయ పరిశ్రమలో మునిగెను.

గ్రీకు కావ్యాధ్యయనమును గూర్చి 1795లో రచించి 1797లో ప్రకటించిన గ్రంథమున ఆతడు ప్రాచీనులను పొగడి ఆధునికులను తగ్గించెను. ప్రాచీనుల కవిత్వము ప్రకృతివలె స్వయంపూర్ణమైనదనియు, ఆధునికుల కవిత్వము కలగాపులగమై, ఎన్నటికిని తృప్తినొందని కుతూహలముతో పరుగిడుచుండుననియు ఆతని యభిప్రాయము. ఆశ్చర్యకరమైన విషయమేమన, మూడేండ్లు గడచునప్పటికి ఆ దోషములనే ఆతడు గుణములుగా ప్రకటించెను.

బెర్లిను, యేనా

1797లో బెర్లిను నగరమునకు వచ్చిన పిమ్మట ఆతనికి ఇద్దఱితో పరిచయము కలిగెను. ఒకరు ష్లయర్‌మాహర్ అను మతతత్త్వవేత్త. రెండవవారు డోరోథియా. ఈమె సుప్రసిద్ధ యూదు తత్త్వజ్ఞుడైన మోజెస్ మెండెల్సోన్ కుమార్తె, ఒక ధనికుని భార్య, ఇద్దఱు కుమారుల తల్లి, ష్లేగెల్ కంటె ఎనిమిదేండ్లు పెద్ద. 1799లో ఆమె భర్త నుండి విడిపోయి ష్లేగెల్‌తో కలిసి జీవింప నారంభించెను. ఆ యేటనే ష్లేగెల్ లుసిండె అను నవలను ప్రకటించెను. దాంపత్యమున దేహమును ఆత్మయు వేఱుగావని చెప్పిన ఆ నవలలో జనులు గ్రంథకర్త యింటి రహస్యమును వెదకి నిందించిరి. ఆ నిందలో అధికభాగము డోరోథియాపై పడెను. రొమాన్సు శబ్దమునకు ప్రేమ యను నర్థము ఆ దంపతుల జీవితమున కష్టముగా పరిణమించినది.

1798 నుండి 1800 వరకు అన్నదమ్ములిరువురును అథెనేఉమ్ అను పత్రికను నడపిరి. అందలి చిన్న చిన్న ఖండికలలో 116వది రొమాంటిక్ కవిత్వమునకు లక్షణము చెప్పుచున్నది. ఆ కవిత్వము సర్వకావ్యభేదములను తనలో కలుపుకొని, శాస్త్రముతోను జీవితముతోను సంబంధము పెట్టుకొని, ఎప్పటికప్పుడు పెరుగుచునే యుండుననియు, పూర్తియగుట దాని స్వభావము కాదనియు ఆ ఖండిక తాత్పర్యము. ఆ విశేషణము రోమాన్ అను శబ్దము నుండి వచ్చినదని ఎఱుగనివారు దీనిని అస్పష్టమైన స్తుతిగా భావింతురు. ష్లేగెల్ దృష్టిలో నవల యందు పద్యము, గద్యము, సంభాషణము, లేఖ, చర్చ యన్నియు ఇముడును. డాంటే, సెర్వాంటెస్, షేక్స్పియరు ఆతనికి ఆదర్శకవులు. వారిలో మొదటి యిద్దఱును రొమాన్సు భాషలలో వ్రాసినవారే. కావున ఆతని ప్రయోగమున భాష, గ్రంథజాతి, భావస్థితి అను మూడర్థములును ఒక్కచోట కూడినవి. ఆ శబ్దమునకు తాను వ్రాసికొన్న వివరణము 125 ఫారముల పొడవు గలదగుటచే పంపజాలనని 1797లో అన్నకు లేఖ వ్రాసెను. పరిహాసమో, నిజమో గాని అట్టి వివరణ గ్రంథ మేదియు లభింపలేదు.

1799లో దంపతులు యేనా నగరమునకు చేరిరి. ఔగుస్ట్ విల్‌హెల్మ్, ఆతని భార్య కారొలీన్, నోవాలిస్, టీక్, షెల్లింగ్ అచ్చట కూడి చదువుచు, వాదించుచు గడపిరి. ఆ గోష్ఠి రెండేండ్లకంటె ఎక్కువ నిలువలేదు. 1801 మార్చిలో నోవాలిస్ క్షయరోగముతో మరణించెను. మిగిలినవారు కలహములతో చెదరిపోయిరి. ష్లేగెల్ విశ్వవిద్యాలయమున చేసిన తత్త్వోపన్యాసములు విఫలములయ్యెను.

పారిసు నగరమున సంస్కృతాభ్యాసము

1802లో దంపతులు పారిసు చేరిరి. అచ్చటి గ్రంథాలయమున రెండు నిధులు ఆతనికి లభించినవి. ఒకటి మధ్యయుగముల నాటి రొమాన్సు గ్రంథముల వ్రాతప్రతులు. రెండవది భారతదేశము నుండి చేరిన సంస్కృత తాళపత్ర, కాగిత ప్రతులు. డోరోథియా ప్రాచీన ఫ్రెంచి గ్రంథముల నుండి మెర్లిన్ అను మాంత్రికుని కథను జర్మనులోనికి మార్చెను. 1804లో అది మధ్యయుగ రొమాంటిక్ కథల సంపుటములో భర్త పేరుతో వెలువడెను. రొమాన్సులో పెట్టబడిన కథను రొమాన్సు నుండి మఱియొక జనభాషలోనికి తెచ్చిన ఆ విదుషి పేరు ముఖపత్రమున లేకపోవుట విచారకరము.

ష్లేగెల్ మొదట షెజీ యొద్ద పారసీక భాషను నేర్చెను. సంస్కృతమునకు ఆతని గురువు అలెగ్జాండర్ హామిల్టన్. స్కాట్లండు వాడైన ఈతడు ఈస్టిండియా కంపెనీ సైన్యమున వంగదేశమందుండి, కలకత్తా ఏషియాటిక్ సొసైటీలో సభ్యుడై, సంస్కృతము నేర్చి ఐరోపాకు మరలెను. 1803లో బ్రిటనుకును ఫ్రాన్సుకును తిరిగి యుద్ధము రాగా పారిసులోనున్న హామిల్టన్ స్వదేశమునకు పోజాలక నిలిచిపోయెను. పండితుడగుటచే గ్రంథాలయమున పనిచేయుటకు అనుమతి లభించెను. లాంగ్లెస్ అను పండితునితో కలిసి ఆతడు కూర్చిన సంస్కృత వ్రాతప్రతుల పట్టిక 1807లో ప్రకటితమయ్యెను. యుద్ధమే రాకున్న ష్లేగెల్‌కు గురువు దొరకియుండెడివాడు కాడు. అచ్చువేసిన వ్యాకరణములును నిఘంటువులును చేతికందని ఆ రోజులలో గురుముఖమున వినుట, ప్రతిని చూచి వ్రాసికొనుట తప్ప వేఱు మార్గము లేదు. మన పాఠశాలా పద్ధతియే పారిసులో జరిగినది. వంగదేశపు ఉచ్చారణ ప్రభావము చేత ష్లేగెల్ గ్రంథమున శకుంతల సొకుంతొలా యయ్యెను. ఆ రూపమును చూచినప్పుడు గురువెవ్వరో, ఆ గురువు ఏ దేశమున నేర్చెనో వెంటనే తెలియుచున్నది.

1804 ఏప్రిలులో ష్లేగెల్ డోరోథియాను విధ్యుక్తముగా వివాహమాడెను. ఆ యేడే కొలోను నగరమునకు తరలెను. 1808 ఏప్రిలులో దంపతులిరువురును కాథొలిక్కు మతమును స్వీకరించిరి. ఆ సంవత్సరమే హైడెల్బెర్గ్ నగరమున భారతీయుల భాషను, జ్ఞానమును గూర్చిన ఆతని గ్రంథము వెలువడెను.

1808 నాటి గ్రంథము

ఆ గ్రంథము మూడు భాగములు. మొదటిది భాషను గూర్చి, రెండవది తత్త్వమును గూర్చి, మూడవది చరిత్రను గూర్చి. అనుబంధముగా రామాయణారంభము, మనుస్మృతిలోని సృష్టిప్రకరణము, భగవద్గీత యందలి కొన్ని భాగములు, మహాభారతములోని శకుంతలోపాఖ్యానము జర్మను పద్యములుగా చేర్చబడినవి. 1791లో ఫోర్‌స్టర్ జర్మనులోనికి తెచ్చిన శాకుంతల నాటకము విలియం జోన్సు ఆంగ్లానువాదమునకు అనువాదము. ష్లేగెల్ అనువాదములు మూలమునుండి చేసినవి.

శరీరనిర్మాణమును పోల్చి జంతువుల సంబంధములను నిర్ణయించినట్లు, వ్యాకరణములను పోల్చి భాషల వంశమును నిర్ణయింపవచ్చునని ఆతడు చెప్పెను. ఒకటి రెండు పదముల పోలికను చూచి సంబంధమును కల్పించు పాత పద్ధతిని విడిచి, ధాతువులను, విభక్తులను, క్రియారూపములను చూడవలెనని నిర్దేశించుట ఆతని గొప్ప ఉపకారము. తులనాత్మక వ్యాకరణమను పేరును ప్రచారమునకు తెచ్చినది ఆ గ్రంథమే.

అయినను అందు రెండు పొరపాట్లు గలవు. మొదటిది, సంస్కృతమే ప్రాచీనతమమనియు, గ్రీకు, లాటిను, జర్మను, పారసీక భాషలు దాని నుండియే వెలువడెననియు చెప్పుట. 1786లో కలకత్తాలో విలియం జోన్సు చేసిన ఉపన్యాసమున ఇంతకంటె జాగ్రత్త గలదు. ఆ భాషలన్నియు ఒక సామాన్యమూలము నుండి పుట్టియుండవచ్చుననియు, ఆ మూలము నేడు లేకపోవచ్చుననియు ఆయన సూచించెను. పిమ్మటి భాషాశాస్త్రము జోన్సు సూచననే సమర్థించినది. సంస్కృతము గ్రీకు లాటినులకు తల్లి గాక తోబుట్టువు.

రెండవ పొరపాటు భాషలను రెండు తరగతులుగా విభజించుట. ధాతువే లోపలనుండి వికారము నొంది మొలకవలె పెరుగునట్టి భాషలు మొదటి తరగతి. వానిలో సంస్కృతము శిరోమణి. వెలుపలనుండి ప్రత్యయములను అతికించుకొను భాషలు రెండవ తరగతి. మొదటివానికి జీవమున్నదనియు, రెండవవి ఇసుక రేణువుల కుప్పవంటివనియు ఆతని భావము. ఇంటికి, ఇంటిలో, ఇంటినుండి యని ప్రత్యయములను స్పష్టముగా చేర్చుకొను మన తెలుగు ఆ లెక్కన రెండవ తరగతిలోనికి పోవలసి వచ్చును. నన్నయ తిక్కనల వాక్కునకు జీవము లేదనుటకు ఏ తెలుగువాని మనస్సు అంగీకరించును?

తెలుగును విడిచినను, ఈ విభాగము ష్లేగెల్ పూర్వసిద్ధాంతమునకే ఇబ్బంది కలిగించును. లాటిను విభక్తి ప్రత్యయములతో తెలుపు సంబంధమును ఫ్రెంచి భాష ద అను చిన్న పదమును ముందుంచి తెలుపును. రొమాన్సు భాషలన్నియు లాటిను నామవిభక్తులను చాలవఱకు పోగొట్టుకొన్నవే. విభక్తిసంపద చేతనే భాషకు ఔన్నత్యమన్నచో డాంటే భాష వర్జిలు భాషకంటె పతితము కావలెను. 1798లో ఏ జనభాషలలో పుట్టిన సాహిత్యమును ఆతడు సర్వోత్కృష్టమని కీర్తించెనో, 1808 నాటి కొలబద్దతో ఆ భాషలే తక్కువ పడుచున్నవి. ఔగుస్ట్ విల్‌హెల్మ్ 1818లో ప్రొవెన్సాలు భాషను గూర్చి వ్రాసిన గ్రంథమున సంశ్లేషాత్మక భాషలు, విశ్లేషాత్మక భాషలు అను భేదమును కల్పించి రొమాన్సు భాషల స్వరూపమును వివరించెను. అన్న చేసిన ఆ విభాగము నేటికిని వ్యవహారమున నున్నది.

బోప్, ఎల్లిస్

ష్లేగెల్ గ్రంథముచే ప్రేరితుడై సంస్కృతము నేర్చిన ఫ్రాంజ్ బోప్ 1816లో క్రియారూపములను గూర్చిన తన గ్రంథమును ప్రకటించెను. క్రియల చివరనుండు పురుషప్రత్యయములు ఒకప్పుడు స్వతంత్రములైన సర్వనామములే యని బోప్ క్రమముగా నిరూపింప యత్నించెను. సంస్కృత ప్రత్యయములును అతికినవే యైనచో, జీవము గల భాషలు, జీవము లేని భాషలు అను గోడ నిలువదు. గురుస్థానీయుని గ్రంథము నుండి బయలుదేఱినవాడే దాని పునాదిని కదల్చెను.

అదే 1816లో చెన్నపట్టణమున కాంప్‌బెల్ దొర రచించిన తెలుగు వ్యాకరణము అచ్చుపడెను. దాని ఉపోద్ఘాతమునకు ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ ఒక దీర్ఘమైన వివరణము చేర్చెను. తెలుగు సంస్కృతము నుండి పుట్టలేదనియు, తమిళ కన్నడములతో ఒక వంశమునకు చెందినదనియు ధాతువులను పోల్చి ఆయన నిరూపించెను. 1812లో ఏర్పడిన సెయింట్ జార్జి కోట కళాశాలలో ప్రధాన పండితుడైన పట్టాభిరామశాస్త్రి కూర్చిన తెలుగు ధాతువుల పట్టిక ఆయనకు ఆధారమయ్యెను. మామిడి వెంకయ్య ఆంధ్రదీపికను కూడ ఎల్లిస్ ఉపయోగించుకొనెను. మన వైయాకరణులు తత్సమ తద్భవములకు వెలుపల దేశ్యమును వేఱుగా లెక్కించుటయే ఎల్లిస్‌కు త్రోవ చూపినది. పదముల పోలికను గాక ధాతువులను చూడవలెనని ష్లేగెల్ 1808లో చెప్పిన న్యాయము, చెన్నపట్టణమున తెలుగు స్వాతంత్ర్యమును స్థాపించుటకు తగిన మార్గమని తేలినది.

ఈ విషయమున నా మాట యొకటి విన్నవింపవలసియున్నది. సకల భాషలకును సంస్కృతమే తల్లి యని బాల్యమున గురుపాదుల యొద్ద విని, ఏబదియేండ్లు నేనును విద్యార్థులకు అట్లే చెప్పితిని. ష్లేగెల్ గ్రంథము నా యభిప్రాయమునకు ఐరోపా సాక్ష్యమని సంతోషముతో ఈ పరిశీలనకు ఉపక్రమించితిని. కాని సాక్షి చెప్పిన పద్ధతియే ఆ యభిప్రాయమును త్రోసిపుచ్చినది. ఇందు సంస్కృతమునకు వచ్చిన న్యూనత యేమియు లేదు. పాణినీయము యొక్క గౌరవము ఎవరికి తల్లి యనుదానిపై ఆధారపడియుండలేదు. తెలుగు సంస్కృతము నుండి వేలకొలది శబ్దములను స్వీకరించినది, జన్మమాత్రము వేఱు. విద్యార్థులకు ఇకమీదట అట్లే చెప్పవలెను.

వియన్నా, తుదిదినములు

1808లో ష్లేగెల్ వియన్నా చేరెను. 1809లో ఆస్ట్రియా సైన్యము నెపోలియనుతో పోరాడునప్పుడు సైనికవార్తాపత్రికను నడపెను. 1810లో ఆధునిక చరిత్రను గూర్చియు, 1812లో ప్రాచీన నవీన సాహిత్యచరిత్రను గూర్చియు ప్రసిద్ధములైన ఉపన్యాసములు చేసెను. 1815 నుండి 1818 వరకు ఫ్రాంక్‌ఫర్టులో ఆస్ట్రియా రాయబార కార్యాలయమున ఉద్యోగి. 1819లో మెటర్నిక్ మంత్రి పరివారముతో రోము నగరమును సందర్శించెను. ఏ నగరము పేరు నుండి పుట్టిన శబ్దముతో ఆతని కీర్తి ముడిపడినదో, ఆ నగరమును నలువదియేడవ యేట చూచెను. యౌవనమున ప్రజాప్రభుత్వమును సమర్థించుచు వ్యాసము వ్రాసినవాడు, వార్ధక్యమున రాజశాసనమును, మతశాసనమును సమర్థించుటను మిత్రులు సహింపలేకపోయిరి. అన్నయును దూరమయ్యెను. మతవిషయమున తమ్మునితో తనకు ఏకాభిప్రాయము లేదని ఔగుస్ట్ విల్‌హెల్మ్ 1828లో బహిరంగముగా ప్రకటించెను.

సంస్కృతమునకు ఫ్రీడ్రిష్ తిరిగి రాలేదు. 1808 గ్రంథముననే భారతీయ దర్శనములను ఆదిమమైన ఈశ్వరోపదేశము నుండి క్రమముగా జాఱిన మెట్లుగా ఆతడు వర్ణించియుండెను. మూలమును వెదకుచు గంగాతీరము వఱకు భావనలో పోయి, అచ్చట తాను కోరిన సమాధానము లేదని మరలెను. ఆతడు విడిచిన పనిని అన్న చేపట్టెను. 1818లో బాన్ విశ్వవిద్యాలయమున సంస్కృతాచార్యుడై, 1823లో భగవద్గీతను నాగరలిపిలో లాటిను అనువాదముతో ప్రకటించి, పిమ్మట రామాయణ హితోపదేశములను పరిష్కరించెను. దారి చూపినవాడు తమ్ముడు. ఆ దారిని తుదివఱకు నడచినవాడు అన్న.

ఫ్రీడ్రిష్ చేసిన రొమాంటిక్ పదప్రయోగము మాత్రము ఆతని చేయి దాటిపోయెను. అన్న 1808లో వియన్నాలో చేసిన నాటక సాహిత్యోపన్యాసముల మూలమునను, 1813లో ప్రకటితమైన మదామ్ ద స్తాల్ గ్రంథము మూలమునను అది ఐరోపా అంతటను వ్యాపించెను. ఇంగ్లండు కవుల ద్వారమున ఇరువదవ శతాబ్దారంభమున మన భాషకు వచ్చి, భావకవిత్వమునకు ప్రేరణమై, కాల్పనికోద్యమమను పేరుతో మన విమర్శకుల వ్యవహారమున స్థిరపడెను. కాల్పనికమను అనువాదమున ఊహ మిగిలినది గాని, జనభాష యను మొదటి యర్థము కనబడదు. విద్యార్థులకు వ్యుత్పత్తిని చెప్పినచో ఆ లోపము తీరును.

1828 డిసెంబరులో ష్లేగెల్ డ్రెస్డెన్ నగరమున భాషాతత్త్వమును గూర్చి ఉపన్యాసములు ప్రారంభించెను. 1829 జనవరి 11వ తేదీ రాత్రి మరుసటి ఉపన్యాసమును వ్రాయుచుండగా హఠాత్తుగా వ్యాధి కమ్ముకొని, తెల్లవాఱకమునుపే మరణించెను. అప్పటికి ఆతనికి ఏబదియాఱేండ్లు. డోరోథియా పదేండ్లు జీవించి 1839లో ఫ్రాంక్‌ఫర్టులో కాలధర్మము నొందెను.

బల్లపైనున్న వ్రాతప్రతిలో తుదివాక్యము సంపూర్ణమైన అవగాహనను గూర్చినది. కర్తృపదము ఉన్నది, క్రియ లేదు. కాని యను నర్థమునిచ్చు అవ్యయము వద్ద ఆ వాక్యము ఆగిపోయినది.